కిటికీ ఉన్న ఒక్క గది

“మా ఆవిడ చేసిపెడుతుంది సార్. ఇంట్లో ఖాళీగానే ఉంటుంది.”

రాఘవ ఫోన్లో ఈ మాట ఇంగ్లీషులో అంటున్న సమయానికి, ఆ ఖాళీగా ఉన్న ఆవిడ చేతులు మణికట్టు దాకా మినప్పిండిలో ఉన్నాయి. ఒక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. రెండో దాని మీద అత్తగారికి వేడినీళ్ళు కాగుతున్నాయి. బాల్కనీలో వాషింగ్ మెషిన్ నా పని అయిపోయిందని కూతపెడుతోంది. కూతురు నిత్య లెక్కల పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. అనూహ్య పిండి కలపడం ఆపి ఆ “ఖాళీ” అనే మాటను మనసులోనే ఒకసారి ఎగాదిగా చూసింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు విందో లెక్క లేదు గానీ, విన్న ప్రతిసారీ చేతిలో ఏదో ఒక పని ఉండనే ఉంది.

ఫోను పెట్టేసి రాఘవ వంటింట్లోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. అతను కువైట్‌లోని అహ్మదిలో ఒక చమురు కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు. అతని పై అధికారి అలన్ గ్రాంట్ స్కాట్లాండ్ మనిషి. గ్రాంట్ కింద డిప్యూటీ మేనేజర్ కుర్చీ కొన్నాళ్ళుగా ఎవరూ లేక పడి ఉంది. ఆ ఇంటి మాటల్లో నిజంగా ఖాళీగా ఉన్నదేదైనా ఉందంటే అది ఆ కుర్చీయే. రాఘవ కలలోకి కూడా అదే వస్తోంది.

“గ్రాంట్ వాళ్ళమ్మాయి పెళ్ళంట జూన్‌లో” అన్నాడు. “వాళ్ళ పూర్వీకుడు ఎవరో పెళ్ళి చేసుకున్న చర్చిలోనే ఈ పిల్ల పెళ్ళీ చెయ్యాలని ఆయన పట్టు. చర్చి బుక్ చేసేశారు. గోడకి ఇత్తడి పలక కూడా పెట్టిస్తారంట, ఫలానావాళ్ళ పెళ్ళి ఇక్కడే జరిగింది అని. చర్చివాళ్ళేమో ఆధారం రాసివ్వమన్నారు. నువ్వు ఆ పాత కాగితాలు చూస్తుంటావు కదా. రిపోర్టు లాగా రెండు పేజీలు రాసిచ్చెయ్. ఖలాస్.”

“ఎప్పటికి?”

“శుక్రవారం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మనింటికి భోజనానికొస్తున్నారు. అప్పుడు చేతికిచ్చేద్దాం.”

“భోజనానిక్కూడా పిలిచేశావా?”

“నా ఇంటికి నేను పిలుచుకోకూడదా ఏంటి?” అని నవ్వాడు. “చేపల పులుసు చెయ్. జుబేదీ తెస్తాలే.”

అత్తగారు వినేంత దగ్గరలో ఉంటే “మీరు”, లేకపోతే “నువ్వు”. పెళ్ళయిన కొత్తలో వాళ్ళిద్దరి మధ్య కుదిరిన ఏర్పాటు అది. భర్తని పేరు పెట్టి పిలవడమనే మాట ఆ ఏర్పాటులో లేదు. అత్తగారు కనకవల్లి విజిట్ వీసా మీద వచ్చి ఉన్న ఈ రోజుల్లో అనూహ్య నాలుక గదిగదికీ మారుతూ తిరుగుతోంది.

ఆ పాత కాగితాల సంగతి చెప్పాలి. విజయవాడలో అనూహ్య డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేది. రాఘవ వెంట కువైట్ వచ్చాక ఆమె ఇఖామాలో, అంటే నివాస అనుమతిలో, ఆమెది సొంత పని కాదు, భర్త మీద ఆధారం. వీసా మార్పించుకుని ఇక్కడి స్కూల్లో చేరతానంటే, “ఎందుకు మనకా తలనొప్పి? నీ జీతంతోనే గడవాలా మనకి?” అన్నాడు. పిల్ల పుట్టింది, పెరిగింది, బడికి పోయింది. ఆ ఏడే, ఎడిన్‌బరోలో వంశచరిత్రలు వెతికిపెట్టే ఆఫీసు ఒకటి పాత చేతిరాత చదవగలిగేవాళ్ళు కావాలని ఇంటర్నెట్‌లో అడిగితే, పరీక్ష రాసి నెగ్గింది. అప్పటి నుంచి పొద్దున అందరినీ సాగనంపి, వంటింటి కిటికీ దగ్గర బల్ల తుడుచుకుని, లాప్‌టాప్ తెరిచి కూర్చునేది. ఇంట్లో చదువుల గది ఒకటి ఉంది. అందులో మంచి బల్ల, తిరిగే కుర్చీ ఉన్నాయి. అది రాఘవది. అందులో అతను సెలవు రోజుల్లో క్రికెట్ చూస్తాడు. ఆమెకి మాత్రం బల్ల మీద పప్పు డబ్బా అటు జరిపి, లాప్‌టాప్ ఇటు జరిపి చదువుకోవడం అలవాటైపోయింది. మొదట్లో ఆ గొలుసుకట్టు రాత కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. పోనుపోను ఏ గుమాస్తా ఎక్కడ బద్ధకించాడో, ఎక్కడ సిరా అయిపోవస్తే పొదుపు చేశాడో కూడా తెలిసేంత చనువు కుదిరింది. మిగతావాళ్ళు చదివి వదిలేసినవి ఆ ఆఫీసు ఆమెకే పంపించేది. ఇంట్లో దీనికి పేరు “కాలక్షేపం”. “చచ్చి ఎన్నేళ్ళయిందో వాళ్ళు, వాళ్ళ పెళ్ళిళ్ళ గోల నీకెందుకే అమ్మాయ్?” అని అత్తగారు అడిగేది. “పోన్లేమ్మా, సీరియళ్ళు చూడ్డం కంటే నయం కదా” అని కొడుకు వెనకేసుకొచ్చేవాడు. వెనకేసుకొచ్చిన ఆ మాట అత్తగారి మాట కంటే ఎక్కువ గుచ్చుకునేది.

గ్రాంట్ దగ్గరున్న ఆధారమల్లా ఒక పేజీ ఫోటో. 1858 నాటిది. విలియం గ్రాంట్‌ది గ్లెన్‌టర్రీ, ఎల్స్‌పెత్ మిల్న్‌ది పక్కనున్న ఇన్వర్‌లారిక్. రెండూ వేర్వేరు పారిష్‌లు, అంటే వేర్వేరు చర్చిల కిందికొచ్చే ఊళ్ళు. పేజీ గ్లెన్‌టర్రీ చర్చి పుస్తకంలోది. ఆ వంశంలో ఎవరో దాన్ని చూసి, పెళ్ళి గ్లెన్‌టర్రీ చర్చిలో జరిగిందని రాసిపెట్టారు. తర్వాతివాళ్ళు దాన్ని చూసి ఎక్కించుకున్నారు. ఇప్పుడది ఇత్తడి మీదికి కూడా ఎక్కబోతోంది.

అనూహ్యకి ఆ పేజీ చూడగానే నవ్వొచ్చింది. అది పెళ్ళి నమోదు కానే కాదు. ఫలానా ఇద్దరూ పెళ్ళాడబోతున్నారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోండి అని ఆదివారం ప్రార్థనలో చదివి వినిపించిన ప్రకటన. పిల్లాడిదీ పిల్లదీ వేర్వేరు పారిష్‌లైతే రెండు చోట్లా చదవాలి, రెండు చోట్లా రాసుకోవాలి. అందుకే ఒకే జంట రెండు పుస్తకాల్లో కనిపిస్తుంది. వెతికేవాళ్ళు తమకి ముందు దొరికిన ఊరినే పెళ్ళి ఊరు అనుకుంటారు. వెతికేది ఇంటిపేరు పట్టుకుని కాబట్టి, ముందు దొరికేది ఎప్పుడూ మగవాడి ఊరే.

అసలు పెళ్ళి ఎక్కడ జరిగిందో ప్రభుత్వం రిజిస్టరులో ఉంటుంది. స్కాట్లాండ్‌లో ప్రభుత్వం పెళ్ళిళ్ళు రాయడం అప్పటికి కొత్తగా మొదలైంది. అనూహ్య దాన్ని ఆ మధ్యాహ్నమే పట్టుకుంది. మొదటి గడిలో గుమాస్తా శుభ్రంగా రాశాడు. మిల్‌బ్రేలో, ప్రకటనల తర్వాత, స్కాట్లాండ్ చర్చి పద్ధతి ప్రకారం. తొందరలో చదివితే కళ్ళు నేరుగా “చర్చి” దగ్గరికి దూకేస్తాయి. చర్చి పద్ధతిలో చెయ్యడం వేరు, చర్చిలో చెయ్యడం వేరు. చోటు మిల్‌బ్రే, ఇన్వర్‌లారిక్ కింద చర్చి కూడా లేని చిన్న పల్లె. అదే వరసలో ముందుకు పోతే, పెళ్ళికూతురు ఉండే చోటు అన్న గడిలో కూడా మిల్‌బ్రే. ఆ కాలంలో అక్కడి మామూలే అది. పాదిరి పెళ్ళికూతురింటికి నడిచొచ్చి పెళ్ళి చేయించి, భోంచేసి పోయేవాడు. ఆ వరసలోనే ఎల్స్‌పెత్ వృత్తి ఉంది, ఇళ్ళల్లో పని. ఆమె తల్లి పేరుంది, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా. స్కాట్లాండ్ కాగితాల్లో అనూహ్యకి అన్నిటికంటే నచ్చేది ఆ గడి. పెళ్ళితో ఆడదాని ఇంటిపేరు తుడుచుకుపోయిందని ఆ గుమాస్తాలు అనుకోలేదు.

అక్కడితో ఆపేయొచ్చు. ఆమె ఆపలేదు. ఆ తర్వాత మూడేళ్ళకి అక్కడ జనాభా లెక్కలు రాశారు. అందులో ఒక చిత్రమైన ప్రశ్న ఉంటుంది. ఇంట్లో కిటికీ ఉన్న గదులెన్ని? మిల్‌బ్రేలో మిల్న్‌ల ఇంటికి ఎదురుగా, ఒకటి అని ఉంది. అనూహ్య ఆ ఒకటి దగ్గర ఆగిపోయింది. కిటికీ ఉన్నది ఒక్క గదే అంటే, వండింది అందులోనే, తిన్నది అందులోనే, కాన్పులు అందులోనే. ఎల్స్‌పెత్ పెళ్ళి కూడా ఆ వెలుగులోనే జరిగుండాలి, పొయ్యికి రెండడుగుల దూరంలో. తన పెళ్ళికి తనే బల్ల తుడిచి ఉంటుంది. అనూహ్య తల ఎత్తి తన కిటికీలోంచి చూసింది. ఎదురు భవనానికీ పక్క భవనానికీ మధ్య సన్నటి సముద్రం ముక్క కనిపిస్తోంది. ఆమెకి చాలా సంతోషం వేసింది. తనకి తెలిసిన పనిని తను బాగా చేసిందన్న సంతోషం అది, ఎవరూ ఇవ్వక్కర్లేనిది.

అదే వారం ఎడిన్‌బరో ఆఫీసు పెద్దావిడ దగ్గర నుంచి సందేశం వచ్చింది. ఇకనుంచి నీ పేరు మా పరిశోధకుల వరసలో పెట్టాలనుకుంటున్నాం, మొదటి నుంచి చివరిదాకా నువ్వొక్కతివే చేసిన పని ఒకటి పంపు, ఎవరి కోసం చేశావో వాళ్ళ ఒప్పుదల సంతకం కూడా కావాలి అని. ఇన్నాళ్ళూ అనూహ్య చదివింది వేరేవాళ్ళ పేర్లతో వెళ్ళిపోయేది. సొంతంగా, మొదటి నుంచి చివరిదాకా చేసింది ఇదొక్కటే. కావలసిందల్లా గ్రాంట్ సంతకం. ఆయనే నడిచి తన ఇంటికొస్తున్నాడు.

బుధవారం వంకాయలు కోస్తూ అత్తగారికి ఈ మిల్‌బ్రే కథంతా చెప్పింది. కనకవల్లి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

“అందులో అంత కనిపెట్టేదేముందే?” అంది చివరికి. “పెళ్ళి ఆడపిల్లవారింట్లో కాక ఇంకెక్కడ చేస్తారు? శుభలేఖ రెండు ఊళ్ళలోనూ పంచుతారు. పంచిన ప్రతిచోటా పెళ్ళి జరిగినట్టా?”

అనూహ్య కత్తి ఆపి అత్తగారి వైపు చూసింది. తను రెండు పేజీలు రాసిన విషయాన్ని ఆవిడ చిక్కుడుకాయ విరిచినంత తేలిగ్గా చెప్పేసింది. “అంతే అత్తయ్యా. సరిగ్గా అంతే.”

“నా పెళ్ళీ అంతేగా” అంది కనకవల్లి. ఆవిడ చేతులు ఆగాయి. “ఉయ్యూరులో మా ఇంట్లో, మా అమ్మ వంట చేసుకునే వసారా ఖాళీ చేసి అక్కడే పీటలు వేశారు. నాన్న దగ్గర పందిరికి డబ్బుల్లేవు. ఫోటో మాత్రం గుడివాడలో మీ మామగారి హాల్లో తీశారు, గృహప్రవేశం నాడు. అది గోడకెక్కింది. ఇంక అందరూ నా పెళ్ళి గుడివాడలో జరిగిందనే అంటారు. రాఘవ కూడా అంతే. మీ మామగారు ఎవరితోనో అంటుంటే నేను పక్కనే ఉన్నాను. మా ఇంట్లోనే చేశామండీ పెళ్ళి, ఘనంగా, అన్నారు.”

“మీరు కాదని చెప్పలేదా?”

“ఎవరడిగారు నన్ను?” అని కనకవల్లి మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. కాసేపటికి, “ఆ వసారాకి కిటికీ ఉండేది” అంది.

ఆ సాయంత్రం రాఘవ షూ విప్పుతుండగా అనూహ్య సంగతి చెప్పింది. పెళ్ళి చర్చిలో జరగలేదని, పెళ్ళికూతురింట్లో జరిగిందని. రాఘవ ఒక షూతోనే నిలబడిపోయాడు.

“ఏం మాట్లాడుతున్నావ్? చర్చి బుక్ చేశారు వాళ్ళు. పలక చేయిస్తున్నారు.”

“తప్పు పలక.”

“ఎవడు చూడొచ్చాడు అనూ? నూటయాభై ఏళ్ళ కిందటి సంగతి. చర్చి అని రాసెయ్. ఆయన సంతోషిస్తాడు, మన పనీ అవుతుంది.”

“నేను రాయను. తప్పని తెలిశాక ఎలా రాస్తాను? పైగా ఈ రిపోర్టు నా పేరుతో ఎడిన్‌బరో పంపిస్తున్నాను. గ్రాంట్ గారి సంతకం అడగాలి.”

రాఘవ ముఖంలో రంగు మారింది. “నీ పేరేంటి? ఆ రోజు ఫోన్లో నువ్వు చేస్తావనే అన్నా, తర్వాత ఆఫీసులో నేనే దగ్గరుండి చేయిస్తున్నానని చెప్పా ఆయనకి. నేను... మొత్తానికి నేనే చేస్తున్నట్టు అనుకుంటున్నాడు ఆయన. ఇప్పుడు నువ్వు సంతకాలంటే ఎంత అసహ్యంగా ఉంటుంది? ఆ కుర్చీ దొరకనీ, తర్వాత నీ సంతకాలు చూద్దాం.”

తర్వాత చూద్దాం. ఈ మాట అనూహ్యకి కొత్త కాదు. వీసా మార్పు అప్పుడూ ఇదే. చదువుల గదిలో ఇంకో బల్ల వేసుకుంటానంటే ఇదే. ఆమె వాదించలేదు. వాదించకపోవడం ఒప్పుకోవడమని రాఘవ ఎప్పుడూ అనుకుంటాడు, అది అతని లెక్క. మర్నాడు, “ఆఫీసులో మంచి కాగితం మీద ప్రింట్ తీయిస్తాలే, ఫైలు పంపు” అన్నాడు. పంపింది. తను రాసింది రాసినట్టు, చివర తన పేరుతో పంపింది.

శుక్రవారం మధ్యాహ్నం గ్రాంట్, అతని భార్య ఫియోనా వచ్చారు. గ్రాంట్ ఎర్రటి ముఖం, తక్కువ మాటల మనిషి. ఫియోనా మాత్రం గుమ్మంలోనే కనకవల్లి రెండు చేతులూ పట్టుకుని కబుర్లు మొదలుపెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు గానీ ఇద్దరికీ ఆ లోటు తెలిసినట్టు లేదు. నిత్య నానమ్మ పక్కన కూర్చుని ఇటుది అటు, అటుది ఇటు చెబుతోంది. పులిహోర, గుత్తివంకాయ, జుబేదీ పులుసు, సేమియా పాయసం. అనూహ్య వడ్డిస్తూ ఉంది. వడ్డించే మనిషి కూర్చోదు కాబట్టి బల్ల చుట్టూ ఐదు కుర్చీలే వేశాడు రాఘవ.

పాయసం దగ్గర రాఘవ లేచి, నీలం అట్ట ఫైలు ఒకటి తెచ్చి రెండు చేతులతో గ్రాంట్‌కి అందించాడు. “చిన్న కానుక సార్.”

గ్రాంట్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అట్ట మీద పేరు చదివాడు. “పరిశోధన, కె. రాఘవ.” తర్వాత లోపలి పేజీ పైకి చదివాడు. “విలియం గ్రాంట్, ఎల్స్‌పెత్ మిల్న్‌ల వివాహం గ్లెన్‌టర్రీ పారిష్ చర్చిలో జరిగింది.” “థాంక్యూ రాఘవా. ఇదెంత పెద్ద విషయమో నీకు తెలీదు.”

అనూహ్య చేతిలో పాయసం గిన్నె ఉంది. ఆమె రాఘవ వైపు చూసింది. అతను ఆమె వైపు చూడకుండా పైన ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఒక్క వాక్యం మార్చాడు, ఒక్క పేరు మార్చాడు. ఇంజనీరు కదా, ఎక్కడ ఏ బోల్టు విప్పితే ఏది ఊడుతుందో బాగా తెలుసు. ఆమెకి కోపం వచ్చింది. మామూలుగా వచ్చే, వంటగదిలో గిన్నెల మీద చూపించుకునే కోపం కాదు. తను ప్రతి అక్షరం విప్పి చదివిన ఎల్స్‌పెత్‌ని మెడపట్టి వాళ్ళింట్లోంచి బయటికి లాగి, మొగుడి ఊరి చర్చిలో నిలబెట్టినందుకు వచ్చిన కోపం అది. అందులో భయం లేదు. అందుకే ఆమె గొంతు చాలా మామూలుగా వచ్చింది.

“కాదండీ. ఆ వాక్యం తప్పు” అంది ఇంగ్లీషులో. పాయసం గిన్నె బల్ల మీద పెట్టింది. “ఆ వాక్యం నేను రాయలేదు. మిగతాదంతా నేనే రాశాను.”

నిత్య నానమ్మ చెవిలో గబగబా చెప్పేసింది. అనూహ్య వంటింట్లోకి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చింది. గ్రాంట్ పక్కన నిలబడి పేజీలు చూపించింది. ఇది మీ దగ్గరున్నది, ఇది ప్రకటన. ఇదిగో ఇన్వర్‌లారిక్ పుస్తకంలోనూ అదే ప్రకటన. రెండు చోట్ల పెళ్ళి జరగదు కదా. ఇదిగో అసలు నమోదు. చోటు అన్న గడి చూడండి. ఇప్పుడు ఎల్స్‌పెత్ ఉండే చోటు చూడండి. రెండూ ఒకటే. పాఠం చెప్పి ఎన్నేళ్ళయిందో, క్లాసు గదిలో నిలబడే తీరు కాళ్ళకి గుర్తొచ్చినట్టుంది.

“చర్చి అని ఉంది కదా ఇక్కడ” అని గ్రాంట్ వేలు పెట్టాడు.

“అది పద్ధతి పేరు. చోటు పేరు కాదు.”

అప్పుడు కనకవల్లి మనవరాలి మోచెయ్యి పట్టుకుని, “అడుగు ఆయన్ని. శుభలేఖ పంచిన ఊరల్లా పెళ్ళి ఊరవుతుందా అని అడుగు” అంది. నిత్య అడిగేసింది. ఫియోనా పకపకా నవ్వింది. “మా అమ్మమ్మ పెళ్ళి కూడా ఇంట్లోనే అయింది అలన్! ముందు గదిలో, పియానో పక్కన.”

గ్రాంట్ నవ్వలేదు. “ఈ కిటికీ గది సంగతేంటి?” అని రిపోర్టులో రెండో పేజీ చూస్తూ అడిగాడు. అది మార్చడం రాఘవ మర్చిపోయాడు, లేకపోతే అంతదాకా చదవలేదు. అనూహ్య చెప్పింది. ఆ ఇంట్లో కిటికీ ఉన్నది ఒక్క గదేనని, పెళ్ళి ఆ గదిలోనే జరిగుంటుందని, అది మాత్రం తన ఊహేనని, ఊహ అనే రాశానని చెప్పింది. ఫియోనా నవ్వు ఆపి, ఎల్స్‌పెత్ తల్లి పేరున్న గడి మీద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంది.

“ఇది చేసింది మీ ఇద్దరూ కలిసా?” అని గ్రాంట్ అడిగాడు.

“ఒక రకంగా టీమ్‌వర్క్ సార్” అని రాఘవ అందుకున్నాడు.

“నేనే చేశాను” అంది అనూహ్య. “దీన్ని నా పేరుతో ఎడిన్‌బరో పంపాలి. మీ సంతకం కావాలి. మీకిష్టమైతేనే.”

గ్రాంట్ చాలాసేపు ఆ నీలం అట్ట వైపు చూశాడు. ఆయన తన కలంతో “కె. రాఘవ” అన్నది కొట్టేస్తాడని రాఘవ భయపడి ఉంటాడు. ఆయన అలాంటిదేమీ చెయ్యలేదు. అనూహ్య తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. “ఇత్తడి మీద తప్పు చెక్కించబోయాను” అన్నాడు. “కొలత తప్పని, పలక బిగించకముందే చెప్పినవాళ్ళ మీద నాకు కోపం రాదు.” వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, “రాఘవా, ఆదివారం ఆఫీసులో మాట్లాడదాం” అన్నాడు. ఆ మాట ఎటు తిరుగుతుందో గొంతుని బట్టి ఎవరికీ తెలియలేదు.

లిఫ్టు తలుపు పడ్డ చప్పుడు వినిపించాక రాఘవ వెనక్కి తిరిగాడు.

“తృప్తిగా ఉందా? నా ఇంట్లో కూర్చుని, నా నెట్ వాడుకుని, నా బాస్ ముందు నా పరువు తీశావు. వాడికి ఇప్పుడు నేను దొంగలా కనిపిస్తున్నా.”

అనూహ్య ఎంగిలి పళ్ళాలు తియ్యబోయి ఆగింది. ఆ మాటకి జవాబు చెప్పాల్సింది తను కాదని ఆమెకి తోచింది. దొంగలా ఎందుకు కనిపిస్తున్నాడో అతనికి తెలుసు. “ఆ పళ్ళాలు సింకులో పెట్టండి” అంది. ఖాళీ అయిన కుర్చీ ఒకటి తన వైపు లాక్కుని, చల్లారిన పులిహోర పెట్టుకుని తింది. ఉప్పు సరిపోయింది. బాగా కుదిరింది.

“నిన్నే అడుగుతున్నా. ఇది ఎవరి ఇల్లనుకున్నావ్?”

ఆమె తినడం ఆపలేదు. కనకవల్లి కొడుకు వైపు చూసింది, గుడివాడ గోడ మీద ఫోటో వైపు చూసినట్టు. రాఘవ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పళ్ళాలు సాయంత్రం దాకా బల్ల మీదే ఉన్నాయి. తర్వాత నిత్య తీసింది, తన పళ్ళెమూ నానమ్మదీ అమ్మదీ, వచ్చినవాళ్ళవీ. నాన్న పళ్ళెం వదిలేసింది.

శనివారం పొద్దున వంటింటి కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. కనకవల్లి తన కాఫీ తను కలుపుకుని కోడలికొక గ్లాసు ఇచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుంది. ఇలా జరగడం అదే మొదటిసారి. అనూహ్య రిపోర్టులో ఆ ఒక్క వాక్యం మళ్ళీ తన వాక్యంగా ఉందో లేదో చూసుకుంది. ఎడిన్‌బరో ఆఫీసు పద్ధతి ప్రకారం చివర్లో రెండు గడులు నింపాలి. పేరు, పని జరిగిన చోటు. మాగంటి అనూహ్య అని పుట్టింటి ఇంటిపేరుతో రాసింది, కళ్ళముందు ఎల్స్‌పెత్ వాళ్ళమ్మ కనిపిస్తుంటే. రెండో గడి దగ్గర కాసేపు ఆలోచించింది. ఇన్నాళ్ళూ ఏ కాగితంలో చోటు అడిగినా, కేరాఫ్ రాఘవ అని మొదలుపెట్టడం చేతికి అలవాటు. ఫ్లాట్ అద్దె ఒప్పందం అతని పేరు మీదే ఉంది, నిజమే. ఎల్స్‌పెత్ పేరు కూడా గ్లెన్‌టర్రీ పుస్తకంలో ఉంది. పుస్తకం ఎవరి ఊళ్ళో ఉంటేనేం, జరిగింది ఎక్కడ అన్నదే కదా ప్రశ్న. పని జరిగిన చోటు, అనూహ్య ఇల్లు, ఫింటాస్, కువైట్. రాసి పంపేసింది.

అప్పుడే రాఘవ లేచి వచ్చాడు. జుట్టు చెదిరి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరి గ్లాసులూ చూశాడు. మూడోది లేదు. పై అర తెరిచాడు. పసుపు డబ్బా, కారం డబ్బా. కింది అర తెరిచాడు. బియ్యం. పక్కది లాగితే ప్లాస్టిక్ సంచులన్నీ మీద పడ్డాయి. ఎవరినీ అనకుండా, “కాఫీ పొడి ఎక్కడుంది?” అన్నాడు.

కొడుకు ఆ మాట అన్నాడంటే, నేను కలిపిస్తాలేరా అని మోకాళ్ళ నొప్పులతోనైనా లేచే మనిషి కనకవల్లి. అనూహ్య ఆవిడ వైపు చూడలేదు. రాఘవ వైపూ తిరగలేదు.

“నీ ఇల్లే కదా రాఘవా” అంది, అత్తగారి ఎదురుగానే. “వెతుక్కో.”

కనకవల్లి కాఫీ ఒక గుక్క తాగి, కుర్చీని కిటికీ వైపు జరుపుకుంది.